లేఅవుట్ రోడ్డుకు ప్లాస్టిక్ కలిపిన తారు: ఎప్పుడు ఎంచుకోవాలి, ఎప్పుడు వద్దనుకోవాలి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం, హోరమావు వైపు లేఅవుట్లలో తెలుగు కుటుంబాలు బాగా స్థిరపడ్డాయి. ఆ లేఅవుట్లలో నగరపాలక సంస్థకు ఇంకా అప్పగించని లోపలి రోడ్లు ఉన్నచోట, వాటిని తిరిగి వేయించే ఖర్చు, ఏది వేయించాలన్న నిర్ణయం రెండూ నివాసుల సంఘం మీదే పడతాయి. సర్వసభ్య సమావేశంలో ఆ ప్రస్తావన రాగానే, “ఎలాగూ వేయిస్తున్నాం కదండీ, ప్లాస్టిక్ రోడ్డే వేయిద్దాం, గుంతలు కూడా పడవట” అని ఎవరో ఒకరు అనడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ సలహాను కొట్టిపారేయనక్కర్లేదు, అలాగని వెంటనే తీర్మానం చేయనూ అక్కర్లేదు. రోడ్డు మీద నీళ్లు ఎటు పోతున్నాయి, రాబోయే రెండు మూడేళ్లలో దాన్ని ఎవరైనా తవ్వబోతున్నారా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతే ప్లాస్టిక్ సంగతి చర్చకు రావాలన్నది నా అభిప్రాయం. ఈ వరుస తలకిందులైన చోట డబ్బు వృథా అవుతుంది.

“ప్లాస్టిక్ రోడ్డు” అంటే ఏది?

ఈ ఒక్క పేరుతో మార్కెట్లో మూడు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. కొటేషన్ తెచ్చినవారిని ముందుగా అడగవలసింది వాటిలో మీది ఏది అని.

మొదటిది పొడి పద్ధతి. హాట్ మిక్స్ ప్లాంటులో కంకరను 160 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి వేడిచేసి, తారు పోయడానికి ముందే చిన్న చిన్న ముక్కలుగా తరిగిన ప్లాస్టిక్‌ను ఆ వేడి కంకర మీద చల్లుతారు. ఒక నిమిషం లోపలే ముక్కలు కరిగి రాళ్లకు పల్చని పొరలా పట్టేస్తాయి. ప్లాంటు దగ్గర నిలబడి చూస్తే, అంతవరకు దుమ్ముకొట్టినట్టు బూడిద రంగులో ఉన్న కంకర, నూనె రాసినట్టు మెరుపు తేలడం కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ తరువాతే తారు పోస్తారు. ప్లాస్టిక్ పరిమాణం తారు బరువులో 6 నుంచి 8 శాతం, ఆ మేరకు తారు తగ్గుతుంది. రెండవది తడి పద్ధతి, అంటే ప్లాస్టిక్‌ను తారులోనే కరిగించి కలపడం. దీనికి బలంగా చిలికే ప్రత్యేక యంత్రం కావాలి, పైగా కలిపిన తారును నిల్వ ఉంచితే పాలీఇథిలీన్ (పల్చని కవర్ల ప్లాస్టిక్) విడిపోయి పైకి తేలుతుంది, కాబట్టి చిన్న పనులకు ఇది పనికొచ్చే దారి కాదు. మూడవది తారుతో సంబంధం లేనిది: ప్లాస్టిక్‌ను కరిగించి, ఇసుక కలిపి, అచ్చుల్లో నొక్కి చేసే నేల దిమ్మెలు.

ఈ మూడింటిలో మన దేశంలో రోడ్డు పైపొర కోసం ప్రామాణిక మార్గదర్శకాలు ఉన్నది పొడి పద్ధతికి. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాటిని 2013లో ఎస్‌పీ 98 అనే పత్రంగా ప్రచురించింది. మీ టెండరు పత్రంలో ఈ సంఖ్య పేర్కొనకపోతే, కాంట్రాక్టరు ఏం కలిపినా, ఎంత కలిపినా అడిగే ఆధారం మీ చేతిలో ఉండదు.

ఈ పద్ధతికి ఉన్న అనుభవం

దీని మూలాలు మన పక్కనే ఉన్నాయి. మదురైలోని త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల రసాయన శాస్త్ర ఆచార్యులు ఆర్. వాసుదేవన్ ఈ పొడి పద్ధతిని రూపొందించారు. 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. చెన్నైలోని జంబులింగం వీధిని 2002లోనే ఈ విధంగా వేశారు. తమిళనాడులో ఇలా వేసిన కొన్ని రోడ్లను ఏళ్ల తరబడి వాడకం తరువాత పరీక్షించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో నివేదిక ఇచ్చింది. వాటిలో గుంతలు, చక్రాల దారిలో గాడులు చెప్పుకోదగినట్టు లేవన్నది దాని సారాంశం. బెంగళూరులో అహ్మద్ ఖాన్, రసూల్ ఖాన్ సోదరులు 2002 ప్రాంతంలోనే నగరపు చెత్త ప్లాస్టిక్‌ను సేకరించి తారు రోడ్లకు అందించడం మొదలుపెట్టారు. 2015 నవంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ, 5 లక్షలకు మించి జనాభా ఉన్న నగరాలకు 50 కిలోమీటర్ల పరిధిలో వేసే తారు రోడ్లలో చెత్త ప్లాస్టిక్ వాడకాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి ఇది ప్రయోగదశలో ఉన్న వింత వస్తువు అనుకోనవసరం లేదు. పాతికేళ్లకు చేరువైన అనుభవం దీని వెనుక ఉంది.

ప్లాస్టిక్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు

తారు రోడ్డు చెడిపోవడానికి నీరే ప్రధాన కారణం. వర్షపు నీరు రాయికీ తారుకూ మధ్య చేరి పట్టు వదిలిస్తుంది, వాహనాల ఒత్తిడికి కంకర లేచిపోతుంది, లేచిన చోట గుంత పడుతుంది. కంకరకు ప్లాస్టిక్ పొర పట్టినప్పుడు రాయి నీటిని పీల్చుకోవడం తగ్గుతుంది, తారు పట్టు పెరుగుతుంది. తారు పూసిన కంకరను 40 డిగ్రీల నీటిలో 24 గంటలు నానబెట్టి ఎంత తారు ఊడిందో చూసే పరీక్ష ఒకటి ఉంది. సాధారణ మిశ్రమానికీ ప్లాస్టిక్ మిశ్రమానికీ తేడా తేలేది అక్కడే. ఎండకు తారు మెత్తబడి గాడులు పడడం కూడా తగ్గుతుంది. ఈ గుణం బెంగళూరు కంటే చెన్నైకే ఎక్కువ అవసరం. మే నెల మధ్యాహ్నం చెన్నైలో తారు రోడ్డు మీద బరువైన లారీ కాసేపు ఆగితే టైరు అచ్చు పడే పరిస్థితి ఇక్కడి లేఅవుట్లకు సాధారణంగా రాదు.

చేయలేనిది ఏమిటంటే, ఈ ప్లాస్టిక్ అంతా రోడ్డు పైన 25 నుంచి 40 మిల్లీమీటర్ల పొరలోనే ఉంటుంది. దాని కింద ఉన్న కంకర పునాది కుంగినా, మట్టి మెత్తబడినా, మ్యాన్‌హోల్ చుట్టూ నేల దిగినా పైపొర ఏమీ చేయలేదు. మా ప్రాంతంలో ఒక లేఅవుట్‌లో పైపొరకు ప్లాస్టిక్ తారు వేయించి, పక్క కాలువ మాత్రం పూడిపోయినట్టే వదిలేశారు. మొదటి వానాకాలానికే కాలువ వెంబడి అంచు తెగి, మధ్య భాగం మాత్రం నిక్షేపంగా నిలిచింది. మందు బాగానే ఉంది, జబ్బు వేరే చోట ఉంది. “ప్లాస్టిక్ వేస్తే ఇరవై ఏళ్లు చూడక్కర్లేదు సార్” అని ఎవరైనా చెబితే, ఆ ఇరవై ఏళ్ల మాటను ఒప్పందంలో రాసి సంతకం పెట్టమని అడగండి. సంభాషణ త్వరగా దారికి వస్తుంది.

ఎంత చెత్త మింగుతుంది?

పర్యావరణం పేరుతో నిర్ణయం తీసుకునే సంఘాలు ఈ లెక్క వేసుకోవడం మంచిది. 200 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న రోడ్డుకు 30 మిల్లీమీటర్ల పైపొర వేస్తే 36 ఘనపు మీటర్ల మిశ్రమం కావాలి. దాని బరువు సుమారు 83 టన్నులు, అందులో తారు సుమారు 4.5 టన్నులు, ఆ తారులో 8 శాతం అంటే దాదాపు 360 కిలోల ప్లాస్టిక్. ఒక్కో పల్చని కవరు 4 గ్రాములనుకుంటే అవి 90,000 కవర్లు. లేఅవుట్‌లో 150 ఇళ్లు ఉంటే ఇంటికి 600. ఇది చిన్న సంఖ్య కాదు, కానీ ఒక్కసారి జరిగే పని. రోజూ ఇంట్లోకి వచ్చే కవర్లను తగ్గించుకోకుండా రోడ్డు మీద భారం వేస్తే, ఆ లెక్క ఏడాదిన్నర రెండేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. ఇక డబ్బు సంగతి: మిగిలేది 360 కిలోల తారు ధర, అందులోంచి ప్లాస్టిక్‌ను ఏరి, కడిగి, తరిగి, ప్లాంటుకు చేర్చే ఖర్చు పోతుంది. చిన్న పనిలో ఈ ఆదా దాదాపు లెక్కలోకి రాదు. ప్లాస్టిక్ వాడినందుకు కొటేషన్ బాగా తగ్గిందంటే సంతోషించే ముందు పొర మందం సరిచూసుకోవాలి.

ఏ ప్లాస్టిక్ వాడుతున్నారన్నది మరో ముఖ్యమైన విషయం. శుభ్రమైన పాల కవర్లకు పాత సామాన్ల దగ్గర మంచి ధర వస్తుంది, వాటి నుంచి మళ్లీ ప్లాస్టిక్ వస్తువులే తయారవుతాయి. అటువంటి వాటిని రోడ్డులో కలపడం సరికాదని నా అభిప్రాయం. ఎవరూ కొననిది, కొన్నా ధర పలకనిది అయిన పల్చని కవర్లు రోడ్డుకు వెళ్లడమే న్యాయం. వార్డు పొడి చెత్త కేంద్రంతో మాట్లాడుకుని, వేరు చేసిన తక్కువ ధర కవర్లనే తీసుకోవడం కుదురుతుంది. చెత్తను ఇంట్లోనే వేరుచేసే “రెండు బుట్టలు, ఒక సంచి” పద్ధతి ఉన్న నగరంలో ఇది అసాధ్యమేమీ కాదు.

మిగతా ఎంపికలతో పోలిస్తే

సాధారణ తారు పైపొరను ఎవరూ పొగడరు గానీ, నీటి పారుదల బాగున్న, తక్కువ రద్దీ ఉన్న చిన్న లేఅవుట్‌కు అది చాలు. ప్లాస్టిక్ మిశ్రమం తయారుచేసే ప్లాంటు దూరంగా ఉండి, మిశ్రమం దారిలోనే చల్లారిపోయే పరిస్థితి ఉంటే, దగ్గరి ప్లాంటు నుంచి వేడిగా వచ్చే సాధారణ తారే మేలు. తారు మిశ్రమాన్ని పరిచే సమయానికి దాని ఉష్ణోగ్రత 140 డిగ్రీలకు తగ్గకూడదు. ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కున్న టిప్పరులో ఎంత మంచి మిశ్రమం ఉన్నా రోలరు కింద సరిగా అణగదు. ట్రాఫిక్‌కు పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దాటి రావలసిన మిశ్రమం గురించి చర్చించేటప్పుడు ఈ ఒక్క కారణమే నిర్ణయానికి చాలు.

పాలిమర్ కలిపిన తారు, పాత టైర్ల రబ్బరు పొడి కలిపిన తారు మార్కెట్లో సిద్ధంగా దొరుకుతాయి. వీటి నాణ్యత తయారీ కేంద్రంలోనే నిర్ణయమై, పరీక్ష పత్రంతో వస్తుంది. ప్లాస్టిక్ పొడి పద్ధతిలో నాణ్యత ఎక్కువగా ఆ రోజు ప్లాంటులో ముక్కలు చల్లిన మనిషి చేతిలో ఉంటుంది. బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, నిర్మాణ సామగ్రి లారీలు రోజూ తిరిగే ముఖ్య రోడ్డు అయితే, ఖర్చు ఎక్కువైనా నేను పాలిమర్ తారు వైపే మొగ్గుతాను. ట్యాంకర్ల మీద బతికే లేఅవుట్లు ఈ వాక్యాన్ని కొంచెం శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే నిండు ట్యాంకరు మలుపు తిరిగే చోటే పైపొర ముందుగా చిరుగుతుంది.

సిమెంటు కాంక్రీటు రోడ్డు నీటికి లొంగదు, గాడులు పడదు. కానీ పోసిన తరువాత వారాల పాటు తడుపుతూ వాహనాలను ఆపాలి, పైగా తవ్వితే ఆ చోటు ఎప్పటికీ మునుపటిలా అతకదు. అందుకే ముందు చెప్పిన తవ్వకం ప్రశ్న ఇక్కడ కీలకం. 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసిన 110 గ్రామాల ప్రాంతాలకు రోజుకు 775 మిలియన్ లీటర్ల నీరందించే కావేరీ నీటి పథకం అయిదవ దశ 2024 అక్టోబరులో ప్రారంభమైంది. ఆ ప్రాంతాల్లో కొత్త నీటి కనెక్షన్లు, భూగర్భ మురుగు గొట్టాల పనులు ఇంకా మిగిలి ఉన్న లేఅవుట్‌లో ఇప్పుడు ఏ రోడ్డు వేసినా, ప్లాస్టిక్‌దైనా సిమెంటుదైనా, కొన్నాళ్లకే గొట్టం కోసం కోత పడుతుంది. ప్రతి ఇంటికీ కనెక్షన్ పూర్తయిందా, లేకపోతే రోడ్డు అడ్డంగా ఖాళీ గొట్టాలైనా ముందే వేసి ఉంచారా అన్నది తేల్చుకోవాలి.

తవ్వకాలు తప్పవనుకున్న చోట సరైన ఎంపిక సిమెంటు ఇంటర్‌లాక్ దిమ్మెలు. వీటిని తీసి, పని చేసి, మళ్లీ అవే పేర్చవచ్చు; సందుల గుండా కొంత నీరు నేలలోకి ఇంకుతుంది కూడా. భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం తేలికపాటి వాహనాలకు 60 మిల్లీమీటర్ల మందం, ఎమ్ 35 గ్రేడు (గ్రేడు అంటే కాంక్రీటు బలానికి కొలత). మధ్యస్థ రద్దీకి 80 మిల్లీమీటర్లు, ఎమ్ 40 గ్రేడు. ట్యాంకర్లు వచ్చే చోట 60 మిల్లీమీటర్లతో సరిపెడితే ఏడాది తిరక్కుండానే దిమ్మెలు ఊగుతాయి.

ప్లాస్టిక్, ఇసుక కలిపిన దిమ్మెలను దీనికి ప్రత్యామ్నాయంగా చూపించేవారున్నారు. పార్కులో నడకదారికి, చెట్ల చుట్టూ వేసుకోవడానికి అభ్యంతరం లేదు. తేలిగ్గా ఉంటాయి, విరగవు. వాహనాలు నిలిచే చోట మాత్రం వద్దంటాను. నిరంతర భారం కింద, ఎండలో ప్లాస్టిక్ నెమ్మదిగా రూపు మారుతుంది, నిప్పు తగిలితే మండుతుంది, ఐఎస్ 15658 కాంక్రీటు దిమ్మెల ప్రమాణం కాబట్టి వీటికి వర్తించదు. కొనేముందు అవి ఎక్కడ తయారవుతున్నాయో ఒకసారి వెళ్లి చూడడం అవసరం. ఆరుబయట డ్రమ్ములో ప్లాస్టిక్ కరిగిస్తూ పొగ వదిలే చోటి సరుకు కొని పర్యావరణ సేవ అనుకోవడంలో అర్థం లేదు.

ఏది ఎవరికి

మురుగు గొట్టాలు, నీటి గొట్టాలు పూర్తయి, పక్క కాలువలు పారుతూ, పాత తారు రోడ్డు పునాది గట్టిగా ఉండి, పైపొర మాత్రమే అరిగిన లేఅవుట్‌కు పొడి పద్ధతి ప్లాస్టిక్ తారును నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. అయితే ప్లాంటు గంట ప్రయాణంలో ఉండాలి. కాలువలు బాగుచేయడానికీ పైపొరకూ రెండింటికీ డబ్బు చాలకపోతే కాలువలే ముందు, పైపొర వచ్చే ఏడాది. తవ్వకాలు మిగిలి ఉంటే సిమెంటు దిమ్మెలు. చెరువు దిగువన, రాజకాలువె (వాననీటి పెద్ద కాలువ) పక్కన, ఏటా నీళ్లు నిలిచే చోట సిమెంటు కాంక్రీటు తప్ప మరొకటి నిలవడం కష్టం. చెన్నైలో ఇల్లున్న పాఠకులకు ఒక్క మాట: అక్కడ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది కాబట్టి, ఏ తారు పనైనా ఆ లోపలే పూర్తిచేసుకోవడం, లేదా జనవరి దాటాక మొదలుపెట్టడం మేలు. బెంగళూరులో జనవరి నుంచి మార్చి వరకు అనువైన కాలం, ఏప్రిల్ చివరికి వేసవి జల్లులు మొదలవుతాయి.

ఎంచుకున్నాక సరిచూసుకోవలసినవి

ప్లాస్టిక్ ముక్కల బస్తా ప్లాంటుకు వచ్చిన రోజు సంఘం నుంచి ఒకరిద్దరు వెళ్లి చూడాలి. బస్తాలోంచి గుప్పెడు ముక్కలు తీసి తెల్ల కాగితం మీద పరిస్తే మూడు విషయాలు వెంటనే తెలుస్తాయి: మట్టి ఎంత ఉంది, నల్ల ముక్కలు ఉన్నాయా, ముక్కలు సమంగా ఉన్నాయా. మట్టి, ఇతర మలినాలు ఒక శాతానికి మించకూడదు. నల్ల ప్లాస్టిక్ తరచు పదేపదే కరిగించి వాడినది కాబట్టి దాన్ని వాడరాదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముక్కలు 2, 3 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటే సమంగా కరుగుతాయి, అరచేయంత చీలికలు ఉంటే ఉండలు కడతాయి.

తరువాత అదే గుప్పెడు ముక్కలను బకెట్ నీళ్లలో, రెండు చుక్కల సబ్బునీరు వేసి, బాగా కలపాలి. పాలీఇథిలీన్, పాలీప్రొపిలీన్ నీటికంటే తేలికైనవి కాబట్టి తేలుతాయి. గొట్టాల ప్లాస్టిక్ అయిన పీవీసీ మునుగుతుంది, సీసాల ప్లాస్టిక్ అయిన పీఈటీ కూడా మునుగుతుంది. పీవీసీని ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, వేడికి దాన్నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన ఆమ్ల వాయువు వస్తుంది. పీఈటీ కరగడానికి 250 డిగ్రీలు దాటాలి గనుక 160 డిగ్రీల కంకర మీద అది కరగకుండా గట్టి ముక్కగానే మిగిలిపోతుంది. అడుగున చెప్పుకోదగినంత చేరితే ఆ బస్తా వెనక్కి పంపించండి. రూపాయి ఖర్చు లేని ఈ పరీక్ష ప్రయోగశాల నివేదికకు బదులు కాదు గానీ, తప్పు సరుకును గుమ్మంలోనే ఆపుతుంది.

కంకర వేడి మీద కూడా కన్నుండాలి. తక్కువైతే ప్లాస్టిక్ పట్టదు, మరీ ఎక్కువైతే తారు మాడుతుంది, పొగలూ వస్తాయి. ప్లాంటు ఉష్ణోగ్రత నమోదు కాగితం నకలు, తూకం చీటీలు, మిశ్రమం నిష్పత్తుల పత్రం, ప్లాస్టిక్ ఎక్కడి నుంచి ఎన్ని కిలోలు వచ్చిందో తెలిపే రసీదు, ఈ నాలుగూ బిల్లుతో పాటు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయాలి. ఒక్కో రోడ్డు మీద రెండు మూడు చోట్ల కోర్ (పొరను కోసి తీసే గుండ్రటి నమూనా) తీసి మందం కొలిపించాలి. 30 మిల్లీమీటర్లకు డబ్బిచ్చి 20 వేయించుకోవడం ఈ వ్యవహారంలో అతి సాధారణమైన నష్టం, దానికి ప్లాస్టిక్‌తో సంబంధం లేదు.

సమావేశంలో ఎవరైనా అరిగిన రోడ్డు నుంచి సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు రావా అని అడిగితే, ఆ ప్రశ్నను పక్కన పెట్టకండి. తారు రోడ్డు అరిగినప్పుడు రేగే పొడిలో ఈ ప్లాస్టిక్ కూడా ఉంటుంది, అది వాననీటితో కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోగలదు. అందువల్ల చెరువు గట్టును ఆనుకున్న రోడ్డుకు నేను ఈ పద్ధతిని సూచించను. పదేళ్ల తరువాత పాత పైపొరను గీసి తీసేటప్పుడు కూడా ఆ తుక్కును మట్టిలో పారబోయకుండా తారు ప్లాంటుకే తిరిగి పంపాలన్న షరతును ఇప్పుడే రికార్డులో రాసి ఉంచితే, అప్పటి కార్యవర్గానికి ఆ రోడ్డులో ఏముందో తెలుస్తుంది.

చెల్లింపు విషయంలో మొత్తం బిల్లులో కొంత భాగాన్ని రెండు వానాకాలాలు గడిచేదాకా నిలిపి ఉంచే షరతు పెట్టుకోవడం ఉత్తమం. దీనికి ఒప్పుకోని కాంట్రాక్టరు తక్కువ ధర చెప్పినా పక్కన పెట్టి, ఒప్పుకున్నవారిలో చవకైనవారిని ఎంచుకోండి. ఆ నిలుపుదల సొమ్ము సంఘం ఖాతాలో విడిగా ఉండాలి, కార్యవర్గం మారినా చేతులు మారకుండా.